‘అలవాటుగా’ కొడితేనే హింసా? చట్టంలో ఒక్క మాట వెనక ఎవరుంటారు

2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ఒక బిల్లు పెట్టింది. ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింసను ఆపడానికి ప్రత్యేకంగా తెచ్చిన బిల్లు అది. మహిళా సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నదే. వాళ్ళు సంబరపడాలి కదా? సంబరం సంగతి అలా ఉంచి, ఈ రూపంలో అయితే మాకొద్దని అడ్డం తిరిగారు.

కారణం అందులోని ఒక మాట. గృహహింస అంటే ఏమిటో చెప్పే చోట, ‘అలవాటుగా’ కొడితే అది హింస అని రాశారు. అంటే మొదటిసారే చెయ్యి విరగ్గొడితే? ఏడాదికోసారి కొడితే? అలవాటు అనడానికి ఎన్నో దెబ్బ నుంచి లెక్కపెట్టాలి? దాని కిందే ఇంకో వాక్యం ఉంది. గాయపరిచినా, హాని చేసినా, అది తనను తాను కాపాడుకోడానికో, ఆస్తిని కాపాడుకోడానికో చేసిన సబబైన పని అయితే గృహహింస కిందికి రాదట. ఏ మొగుడైనా కోర్టుకొచ్చి ‘నన్ను నేను కాపాడుకున్నానండీ’ అని చేతులు దులుపుకోడానికి తలుపులు బార్లా తెరిచిపెట్టారన్నమాట.

బిల్లు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్ళింది. మహిళా సంఘాలు, లాయర్లు అక్కడికి వెళ్ళి ఒక్కో క్లాజు మీదా వాదించారు. 2004లో లోక్‌సభ రద్దవడంతో ఆ బిల్లు మురిగిపోయింది. 2005లో కొత్త బిల్లు వచ్చేసరికి ‘అలవాటుగా’ లేదు, ఆత్మరక్షణ మినహాయింపూ లేదు. ఆ ఏడాది సెప్టెంబరులో అది చట్టమైంది. ఈ రోజు మనం గృహహింస చట్టం అంటున్నది దాన్నే.

చట్టాల విషయంలో మన కంటికి ఆనేవి రెండు కొసలే. ఈ కొసన ఒక ఘోరం, కొవ్వొత్తుల ర్యాలీ. ఆ కొసన పార్లమెంటులో బల్లల చప్పుడు. మధ్యలో ఉండే పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ ఎవరికీ పట్టవు. ఒక ఆడమనిషికో, పిల్లవాడికో ఆ చట్టం పనికొస్తుందా, పేపరు మీదే మిగులుతుందా అన్నది తేలేది మాత్రం ఆ మధ్య కాలంలోనే. అది కూడా ‘అలవాటుగా’ లాంటి ఒక్కో మాట దగ్గర. ఆ మాటను పట్టుకుని వేలాడేవాళ్ళ గురించే ఈ వ్యాసం.

ఫైళ్ళే వీళ్ళ బలం

ఎవరు వీళ్ళు? ఒక రకం కాదు. లాయర్స్ కలెక్టివ్ లాంటివి న్యాయవాదుల సంస్థలు. 1981లో ఇందిరా జైసింగ్, ఆనంద్ గ్రోవర్ కలిసి మొదలుపెట్టారు. ముంబైలోని సెహత్ ఆరోగ్య పరిశోధన సంస్థ. హైదరాబాద్‌లోని ప్రజ్వల అమ్మాయిలను అక్రమ రవాణా ముఠాల చేతుల్లోంచి బయటికి తెచ్చి ఆశ్రయమిచ్చే సంస్థ. ఐద్వా లాంటివి లక్షల సభ్యత్వం ఉన్న మహిళా సంఘాలు. పిల్లల కోసం బచ్‌పన్ బచావో ఆందోళన్, మన దగ్గర ఎంవీ ఫౌండేషన్. వీళ్ళెవరికీ సభలో ఓటు లేదు. ఉన్నదల్లా తమ గడప తొక్కినవాళ్ళ కథలు, అవి నిండిన ఫైళ్ళు. ఒక్క ఘటనకు కదిలిపోయిన ఎంపీకి కనిపించనిది ఒకటి, వంద కేసులు చూసిన లాయరుకు కనిపిస్తుంది. జనం ఎక్కడ ఇరుక్కుంటున్నారు అన్నది.

గృహహింస చట్టమే చూడండి. 1983 నుంచే పాత శిక్షాస్మృతిలో 498ఏ సెక్షన్ ఉండేది (ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్). భర్త, అత్తింటివాళ్ళు క్రూరంగా చూస్తే మూడేళ్ళ దాకా జైలు. అయినా ఇంకో చట్టం ఎందుకు? లాయర్ల దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది అడిగింది ‘ఆయన్ని జైల్లో పెట్టించండి’ అని కాదు. ‘కొట్టకుండా చూడండి, ఇల్లు వదిలి పొమ్మంటున్నాడు, ఈ రాత్రి పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోవాలి?’ అని. క్రిమినల్ చట్టం దగ్గర ఈ ప్రశ్నకు జవాబు లేదు. మొగుడి మీద కేసు పెట్టిన మరుక్షణం ఆమె బయట ఉంటుంది. పుట్టింటివాళ్ళు రమ్మంటే సరే, లేకపోతే వీధే.

అందుకే లాయర్స్ కలెక్టివ్ 1990లలో తయారుచేసిన ముసాయిదా వేరే దారి పట్టింది. ముందు ఆమెకు తలదాచుకునే నీడ, ఖర్చులకు డబ్బు, పిల్లలు ఆమె దగ్గరే ఉండే ఏర్పాటు, కొట్టొద్దని కోర్టు ఉత్తర్వు. ఆ ఉత్తర్వు మీరితే అప్పుడు జైలు. సివిల్ చట్టంలా మొదలై క్రిమినల్ చట్టంలా కరిచే ఈ పద్ధతే 2005 చట్టంలోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ ప్రాణం లాంటిది. ఇంటి మీద ఆమెకు హక్కు పత్రం ఉన్నా లేకపోయినా, ఆమె కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. మన ఇళ్ళలో ఆస్తి పత్రాలు ఎవరి పేరున ఉంటాయో తెలిసినవాళ్ళు మాత్రమే రాయగలిగిన వాక్యం అది.

చట్టం కన్నా నాకు ఆసక్తిగా అనిపించేది, 2006లో దాని నిబంధనలతో పాటు వచ్చిన ఫారం-1. గృహ సంఘటన నివేదిక అంటారు. ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడడానికి ప్రభుత్వం పెట్టే ప్రొటెక్షన్ ఆఫీసరు ఆమెను కూర్చోబెట్టి నింపాల్సిన కాగితం. మామూలుగా సర్కారు ఫారాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఇందులో మాత్రం ఏ హింస జరిగిందో గుర్తు పెట్టడానికి ఇలాంటివి వరసగా ఉంటాయి: మగపిల్లాడు పుట్టలేదని దెప్పడం. కట్నం తేలేదని అవమానించడం. శీలాన్ని శంకించడం. ఉద్యోగానికి వెళ్ళనివ్వకపోవడం. జీతం లాక్కోవడం. తిండి, బట్టలు, మందులు ఇవ్వకపోవడం. ఇంట్లో ఒక భాగంలోకి రానివ్వకపోవడం. కరెంటు బిల్లు కట్టకపోవడం. చచ్చిపోతానని బెదిరించడం.

దీన్ని చదివితే, సచివాలయంలో ఏసీ గదిలో కూర్చుని ఊహించి రాసిన జాబితా కాదని ఎవరికైనా అర్థమవుతుంది. ‘కొట్టాడా?’ అని అడిగితే ‘లేదండీ’ అని తలదించుకునే మనిషి, ‘కరెంటు బిల్లు కట్టడం మానేశాడా?’ అంటే అవునంటుంది. ఆ ‘అవును’ చట్టం ముందు సాక్ష్యంగా నిలబడాలంటే ముందు ఆ ప్రశ్న ఫారంలో ఉండాలి.

చట్టం వచ్చాకే అసలు పని

మన దగ్గర ఒక అపోహ ఉంది, చట్టం పాసైతే గెలిచినట్టేనని. గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. రెండు నెలలు తిరగకముందే, డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ కేసులో ఇల్లు అత్తగారి పేరున ఉంది. కాపురం ఉన్న ఇల్లంటే భర్తకు చెందినదో, అతను అద్దెకు తీసుకున్నదో, ఉమ్మడి కుటుంబ ఆస్తో అయి ఉండాలి, అత్త సొంత ఇంట్లో కోడలికి హక్కు లేదు అని తేల్చింది. అంతే, 17వ సెక్షన్ సగం ప్రాణం పోయింది. ఆ తర్వాత కోర్టుల్లో ఆ తీర్పే అడ్డుగోడ. ఇల్లు తల్లి పేరునో తండ్రి పేరునో ఉందని చూపించగలిగితే కోడలిని బయటికి పంపడానికి దారి దొరికినట్టే.

ఆ తీర్పు తప్పని లాయర్లు, సంఘాలు రాస్తూ వచ్చారు, వాదిస్తూ వచ్చారు. 2020 అక్టోబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని పక్కన పెట్టింది. ఇల్లు మామగారిదైనా అది ఆమె కాపురం ఉన్న ఇల్లే అవుతుందని చెప్పింది. మధ్యలో గడిచింది 14 ఏళ్ళు. అప్పటికి పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేశారు.

ఈలోగా 2016లో ఇంకో రెండు మాటలు ఎగిరిపోయాయి. ఫిర్యాదు ఎవరి మీద పెట్టొచ్చో చెప్పేచోట ‘వయోజన పురుషుడు’ అని ఉండేది. ఆ మాటలను కోర్టు కొట్టేసింది. దాంతో హింసించినవాళ్ళు ఆడవాళ్ళైనా చట్టం వర్తిస్తుందని తేలిపోయింది.

ఇక ప్రొటెక్షన్ ఆఫీసర్ల సంగతి. చట్టం మొత్తం వీళ్ళ భుజాల మీద నడవాలి. చాలా రాష్ట్రాలు చేసిందేమిటంటే, అప్పటికే వేరే ఉద్యోగం చేస్తున్న అధికారికి ఇది కూడా అదనంగా తగిలించడం. ఏ జిల్లాలో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఉత్తర్వులు వచ్చాయి అని లాయర్స్ కలెక్టివ్ ఏటా లెక్కలు తీసి నివేదికలు వేసింది. ఆ పని నిజానికి సర్కారుది. 2025 మేలో కూడా ఒక మహిళా సంస్థ పిటిషన్ మీద సుప్రీంకోర్టు, జిల్లా, తాలూకా స్థాయిలో ఆఫీసర్లను పెట్టండి బాబూ అని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. చట్టానికి అప్పటికి ఇరవయ్యేళ్ళు.

లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు

ఈ కథలన్నిటికీ తాత లాంటి కథ ఒకటుంది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయి మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు అత్యాచారం చేశారని కేసు. చట్టం లోకం ఆ అమ్మాయిని మథుర అని పిలుస్తుంది. బాంబే హైకోర్టు శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటించలేదు, ప్రతిఘటించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది ఆ తీర్పులోని తర్కం.

మరుసటి ఏడాది సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్. నినాదాలు లేవు, ఊరేగింపు లేదు, ఒక ఉత్తరం. అందులోని వాదన చిన్నపిల్లలకైనా అర్థమయ్యేది: ఒప్పుకున్న మనిషి లొంగుతుందేమో గానీ, లొంగిన ప్రతి మనిషీ ఒప్పుకున్నట్టు కాదు. రాత్రిపూట, స్టేషన్ లోపల, ఖాకీ బట్టల ముందు అరవని అమ్మాయి ఒప్పుకున్నట్టేనా?

ఆ ఉత్తరం చుట్టూ ముంబైలోనూ ఇతర నగరాల్లోనూ సంఘాలు పుట్టాయి. 1980 మార్చి 8న చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. మన హైదరాబాద్ అప్పటికే రగిలి ఉంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం, ఆమె భర్త దెబ్బలకు చనిపోవడం, ఊరు అట్టుడికిపోవడం, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని చెప్పడం, ఆ తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి పోలీసులు నిర్దోషులుగా బయటపడడం. అంతా అయింది. స్త్రీశక్తి సంఘటన లాంటి గుంపులు హైదరాబాద్‌లో మొలిచింది ఆ రోజుల్లోనే.

1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం జరిగిందని కేసు వచ్చి, లైంగిక చర్య జరిగినట్టు రుజువై, ‘నేను ఒప్పుకోలేదు’ అని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు అనుకోవాలి. కాదని చూపించే బరువు నిందితుడి మీదికి వెళ్ళింది. ఇది కస్టడీ, సామూహిక అత్యాచారం లాంటి కొన్ని కేసులకే. మిగతా అందరికీ ‘సమ్మతి’ అంటే ఏమిటో రాయడానికి ఇంకో ముప్ఫయ్యేళ్ళు పట్టింది. 2012 డిసెంబరు 16 ఢిల్లీ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీకి దాదాపు 80 వేల సూచనలు వచ్చాయి. నెల రోజుల్లో నివేదిక వచ్చేసింది. అంత తొందరగా ఎలా సాధ్యమైంది? జడ్జీల కష్టం ఉంది, కాదనను. అయితే మహిళా సంఘాల దగ్గర మూడు దశాబ్దాల ఫైళ్ళు రెడీగా ఉన్నాయన్నదీ నిజం. 2013 సవరణలో సమ్మతి అంటే స్పష్టంగా, ఇష్టపూర్వకంగా తెలిపే ఒప్పుదల అని రాశారు. శారీరకంగా ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని కూడా రాశారు. 1979 నాటి ఉత్తరంలోని వాదన 34 ఏళ్ళకు సెక్షన్‌గా మారింది.

జడ్జి నోటి ద్వారా వచ్చే ప్రశ్న

పిల్లల విషయానికొస్తే ఓడిపోయిన ఒక పిటిషన్ గురించి చెప్పాలి. ఢిల్లీలోని సాక్షి అనే సంస్థ 1997లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అప్పటి చట్టంలో అత్యాచారం నిర్వచనం ఎంత ఇరుకంటే, చిన్నపిల్లల మీద జరిగే దారుణాల్లో చాలావాటికి అందులో చోటే లేదు. మగపిల్లల సంగతైతే ఆ సెక్షన్‌లో అసలే లేదు. నిర్వచనాన్ని విశాలం చెయ్యమని సాక్షి అడిగింది. కోర్టు విషయాన్ని లా కమిషన్‌కు పంపింది. కమిషన్ 2000లో 172వ నివేదిక ఇచ్చింది. చివరికి 2004 మేలో కోర్టు, నిర్వచనం మార్చడం పార్లమెంటు పని, మేం చెయ్యం అని తేల్చేసింది.

ఓటమే. అయితే అదే తీర్పులో కోర్టు కొన్ని చిన్న చిన్న ఏర్పాట్లు చెయ్యమంది. సాక్ష్యం చెప్పే బిడ్డకు నిందితుడు కనపడకుండా తెర కట్టాలి. ఘటన గురించి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాలనుకున్న ప్రశ్నలు డిఫెన్స్ లాయరు రాసి జడ్జికివ్వాలి, జడ్జి వాటిని బిడ్డకు అర్థమయ్యేలా అడగాలి. మధ్య మధ్య విరామం ఇవ్వాలి.

ఇది ఎంత పెద్ద తేడానో కోర్టు హాలు చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఎనిమిదేళ్ళ పాప. ఎదురుగా నల్లకోటులో పెద్దాయన గొంతు పెంచి ‘అప్పుడు టైమెంత? నువ్వు అబద్ధం చెబుతున్నావు కదూ?’ అంటాడు. రెండు అడుగుల దూరంలో ఆ పని చేసిన మనిషి నిలబడి ఉంటాడు. పాప నోరు పెగలదు. నోరు పెగలకపోతే కేసు లేదు. అదే ప్రశ్న తెర ఇవతల, జడ్జి గొంతులోంచి, ‘అప్పుడు బయట చీకటి పడిందా నాన్నా, ఇంకా వెలుతురుందా?’ అని వస్తే పాప చెబుతుంది. డిఫెన్స్ హక్కు ఎక్కడికీ పోలేదు. ప్రశ్న అదే, దారి మారిందంతే.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక అధ్యయనం విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ఆ అంకె చూశాక ‘మన దేశంలో ఇలాంటివి ఉండవు’ అనే నోళ్ళు మూతపడ్డాయి. పిల్లల మీద లైంగిక నేరాల కోసం ప్రత్యేకంగా తెచ్చిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. దాని 33వ సెక్షన్ తీసి చదవండి. లాయర్ల ప్రశ్నలు కోర్టు ద్వారానే బిడ్డకు చేరాలి, విరామాలివ్వాలి. 36వ సెక్షన్‌లో తెర ఉంటుంది. నిర్వచనం కూడా విశాలమైంది, ఆడా మగా తేడా లేకుండా. 2004లో సాక్షి ఓడిపోయిన పిటిషన్ ఎనిమిదేళ్ళ తర్వాత చట్టం పేజీల్లో కనిపిస్తుంది.

ఇది ఈ రంగంలో మామూలే. కోర్టులో ఓడినా ఊరికే పోదు. రికార్డులో పడ్డ వాదన లా కమిషన్‌లోకో, స్థాయీ సంఘంలోకో, పక్క రాష్ట్రపు చట్టంలోకో పాకుతుంది.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన విశాఖ తీర్పు కథ చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యకర్తగా తన పనిలో భాగంగా బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీదేవిపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో ట్రయల్ కోర్టు నిందితులను వదిలేసింది. సంఘాలు ఆమె కేసును పట్టుకుని వేరే ప్రశ్న అడిగాయి. పని చేస్తుంటే ఆడమనిషికి ఇలా జరిగితే యజమాని బాధ్యత ఏమిటి? 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ, అందులో బయటి సంస్థ నుంచో, ఈ సమస్య తెలిసినవాళ్ళలోంచో ఒకరు. చూడండి, సంఘాలు చట్టంలో తమకే ఒక కుర్చీ వేయించాయి! ఆ కుర్చీలో కంపెనీ వకీలు స్నేహితుడిని కూర్చోబెట్టే తెలివి యాజమాన్యాలకూ ఉందనుకోండి, అది వేరే విషయం. 2010 నాటి బిల్లులో ఇళ్ళలో పనిచేసేవాళ్ళను వదిలేశారు. సంఘాలు గొడవ చేశాకే వాళ్ళు లోపలికి వచ్చారు. భన్వరీదేవికి మాత్రం తన కేసులో న్యాయం దొరకలేదు.

ఒక్కోసారి కొత్త చట్టమే అక్కర్లేదు, ఉన్నదాన్ని కదిలిస్తే చాలు. లింగ నిర్ధారణ పరీక్షల చట్టం 1994లో వచ్చి నిద్రపోతుంటే, 2000లో సెహత్, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళి లేపారు. దాని ఫలితంగానే 2003 సవరణలు. 2015లో హైదరాబాద్ నుంచి ప్రజ్వల సంస్థ, అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయంటూ ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. కోర్టు ఆ ఉత్తరాన్నే కేసుగా తీసుకుంది. పేరు చెప్పకుండా ఇలాంటి వీడియోల మీద ఫిర్యాదు చేసే కేంద్ర పోర్టల్ 2018లో వచ్చింది అందువల్లే.

అందరిదీ ఒకే మాట కాదు

ఇంతవరకు చదివి, సంఘాలన్నీ ఒక జట్టు, సర్కారు ఇంకో జట్టు అనుకుంటే పొరపాటు. వీళ్ళలో వీళ్ళకే పడనివి చాలా ఉన్నాయి. 2018లో మనుషుల అక్రమ రవాణా బిల్లును కొన్ని సంస్థలు నెత్తిన పెట్టుకున్నాయి. సెక్స్ వర్కర్ల సంఘాలు, ఇంకొందరు లాయర్లు గట్టిగా వ్యతిరేకించారు. రక్షణ పేరుతో పెద్దవాళ్ళను కూడా హోముల్లో బంధిస్తారన్నది వాళ్ళ భయం. లోక్‌సభ దాటిన ఆ బిల్లు రాజ్యసభ గడప తొక్కకుండానే మురిగిపోయింది.

శిక్షల మీద కూడా అంతే. జనం ఉరి ఉరి అంటారు. వర్మ కమిటీ మరణశిక్ష వద్దంది, చాలా మహిళా సంఘాలూ వద్దన్నాయి. ప్రభుత్వం మాత్రం 2013 ఆర్డినెన్సులో పెట్టింది. 2019లో పోక్సోలోకీ తెచ్చింది. పిల్లల సంఘాల లెక్క వేరు. పిల్లల మీద ఘోరానికి పాల్పడేవాళ్ళలో ఎక్కువమంది తెలిసినవాళ్ళే. బాబాయికో తాతకో ఉరి పడుతుందంటే ఏ ఇంట్లో నోరు విప్పుతారు? 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 పనిదినాల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. కోపంతో రాసిన బిల్లుకూ, ఫైళ్ళు చూసి రాసిన బిల్లుకూ ఉన్న తేడా అక్కడ తెలుస్తుంది.

అలాగని ఫైళ్ళు చూసి రాసినవి అన్నీ సక్రమమనీ అనలేం. పోక్సో 2011 బిల్లులో 16 నుంచి 18 ఏళ్ళ మధ్యవాళ్ళ సమ్మతిని కొంత లెక్కలోకి తీసుకునే వాక్యం ఉండేది. స్థాయీ సంఘం తీసేయించింది. పిల్లలను కాపాడాలన్న ఉద్దేశంతోనే. ఫలితం? ఇంట్లోంచి వెళ్ళిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి, పందొమ్మిదేళ్ళ అబ్బాయి. అమ్మాయి తండ్రి కేసు పెడతాడు, చాలాసార్లు కులం తక్కువని. అబ్బాయి జైలుకు వెళ్తాడు. బెంగళూరులోని ఎన్‌ఫోల్డ్ సంస్థ అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్‌లలో 2016–2020 మధ్య వచ్చిన 7,064 పోక్సో తీర్పులు చదివింది. 1,715 ప్రేమ వ్యవహారాలే, దాదాపు నాలుగింట ఒకటి. పిల్లల కోసం పనిచేసే సంస్థే పిల్లల చట్టం వల్ల వచ్చే చిక్కును లెక్కకట్టి చూపించడం చిన్న విషయం కాదు. లా కమిషన్ మాత్రం 2023లో వయసు తగ్గించొద్దంది. శిక్ష వేసేటప్పుడు జడ్జికి కొంత వెసులుబాటు ఇస్తే చాలంది. పిల్లల సంఘాలు కూడా దీని మీద రెండుగా చీలి ఉన్నాయి. నా మటుకు నాకు, ప్రేమించిన పిల్లాణ్ణి, పిల్లల్ని వేటాడేవాణ్ణి ఒకే సెక్షన్ కింద నిలబెట్టడం సబబనిపించదు. అయితే ఆ సందులోంచి ఎవరు దూరిపోతారో అన్న భయమూ ఉత్తదేం కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ సంస్థల్లో చాలావాటికి మన దేశంలో దాతలు తక్కువ, విదేశీ నిధులే దిక్కు. అందుకే ఎజెండా ఎవరిదన్న అనుమానం ఎప్పుడూ వెంటాడుతుంది. మరోవైపు, సర్కారుకు కోపం వస్తే మొదట మూసేది ఆ కుళాయినే. లాయర్స్ కలెక్టివ్‌కు విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి 2016లో రద్దయింది. సంస్థ కోర్టుకెక్కింది. గృహహింస చట్టం ముసాయిదా రాసింది ఆ సంస్థేనని ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

అటువైపు కూడా సంఘాలున్నాయి. 498ఏ దుర్వినియోగమవుతోందని మగవాళ్ళ సంఘాలు ఏళ్ళుగా పోరాడుతున్నాయి. 2017 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం ప్రతి ఫిర్యాదూ ముందు కుటుంబ సంక్షేమ కమిటీకి వెళ్ళాలని చెప్పింది. మహిళా సంఘాలు మళ్ళీ కోర్టుకు వెళ్ళాయి. 2018 సెప్టెంబరులో ముగ్గురు జడ్జీలు ఆ కమిటీలను తీసేశారు. ఉన్న చట్టాన్ని కాపాడుకోవడం కూడా కొత్త చట్టం తేవడమంత పనే.

ప్రస్తుతం అందరి కళ్ళూ ఉన్నది ఒక వాక్యం మీద. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 63వ సెక్షన్, రెండో మినహాయింపు. 18 ఏళ్ళు నిండిన భార్యతో భర్త జరిపే లైంగిక చర్య అత్యాచారం కాదు అని ఉంటుంది. పాత శిక్షాస్మృతిలో ఆ అంకె 15. అంటే చట్టం ప్రకారం పదిహేనేళ్ళ పిల్ల పెళ్ళి అయిన పాపానికి రక్షణ లేనిదైపోయేది. ఇండిపెండెంట్ థాట్ అనే సంస్థ పిటిషన్ మీద 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు ఆ 15ను 18 చేసింది. కొత్త సంహిత రాసినవాళ్ళు 18నే ఉంచారు. మిగతా వాక్యం మీద ఆర్‌ఐటీ ఫౌండేషన్, ఐద్వా ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసులో 2022 మేలో ఇద్దరు జడ్జీలు రెండు రకాలుగా చెప్పారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వాక్యంలో అంకె మారింది, మిగతా మాటలు అలాగే ఉన్నాయి.